మౌసు బటన్ల సాయన్న

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడే కంప్యూటర్ మౌసు బటన్ను, కొత్త స్విచ్చు వెయ్యకుండ, ఇంటి అరుగు మీద కూసోని, ఒక బొంత సూదితోని మళ్ళ ఒక్కసారే పడేటట్టు చేసుడు సాయన్న సాధించిన మొదటి ఘనకార్యం. అంతకు ముందు ఇబ్రహీంపట్నంల ఆ పని చేసినోడు లేడు. ఉంటే ముందుకు రావాలని సాయన్న చాయ హోటల్ల సవాలు చేసిండు, బస్టాండుల సవాలు చేసిండు, పెండ్లి బంతిల కూసోని పప్పు కలుపుకుంట కూడ సవాలు చేసిండు. ఇప్పటిదాక ఒక్కరు లేవలేదు.

అది అల్కగ దక్కిన గెలుపు కాదు. సాగర్ రోడ్డు వెడల్పు చేసినప్పుడు సాయన్న రేడియోలు, టీవీలు బాగుచేసే డబ్బా కొట్టు పోయింది. డబ్బా పోతే పోయింది, చేతులున్నయి గద అని పనిముట్లన్ని ఒక బిస్కెట్ల డబ్బాల ఏసుకొని ఇంటికి తెచ్చుకున్నడు. కాని చేతులకు పనేది? రేడియోలు అప్పటికే అటక ఎక్కినయి. టీవీలు గోడకు అతుక్కునే పలకలైనయి, పాడైతే పారేసుడే తప్ప విప్పేది లేదు. గట్ల ఊరికే కూసున్న కాలంల రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట దస్తావేజులు టైపు చేసే ఒక గది నుంచి మౌసు వచ్చింది. ఒక కాయిదం అచ్చు ఇయ్యమంటే రెండు ఇస్తున్నది. ఒక గీత పట్టుకొని జరపబోతే నడుమల్నే ఇడిసిపెడ్తున్నది. పారేద్దామంటే టైపు చేసేటామె చెయ్యికి అది అలవాటైన మౌసు.

సాయన్న విప్పి చూసిండు. బటన్ కింద గోరంత నల్ల డబ్బి. దాని మూత బ్లేడుతోని లేపితే లోపట రాగి రేకు. ఆ రేకుకు నడుమల చిన్న నాలుక, విల్లు లెక్క వంగి ఉంటది. మనం నొక్కినప్పుడల్ల టక్కుమనేది ఆ నాలుకనే. ఏండ్లకేండ్లు నొక్కంగ నొక్కంగ అది సాగిపోయి, ఒక్క దెబ్బకు రెండుసార్లు వణుకుతది. దాన్ని తీసి, సూది మొనతోని జరంత వంపు పెంచి, మళ్ళ దాని గాడిల కూసోపెట్టాలె. చెప్పుటానికి ఇంతే. చెయ్యబోతే మూత లేపంగనే నువ్వుగింజంత ఎర్ర బొడిపె ఎగిరి ఎక్కడ పడ్డదో కనబడలేదు.

"చేప కన్ను కంటె చిన్నగున్నది" అన్నది ఆయన భార్య నీలమ్మ. "రేడియోల పానం తీసినవ్, టేపుల పానం తీసినవ్, గిప్పుడు దీని మీద పడ్డవా?"

దెప్పుకుంటనే చీపురు తెచ్చి అరుగంత ఊడ్చింది. ఊడ్చిన దుమ్మును చాటల ఏసి, బియ్యంల మట్టిబెడ్డ ఏరినట్టు ఏరి, ఆ బొడిపెను దొరకబట్టింది కూడ ఆమెనే. తెల్లారి నుంచి సాయన్న పనికి కూసుంటె చాలు, ఒక పాత తెల్ల పంచె తెచ్చి ఆయన ముందట పరిచేది. ఏది ఎగిరినా తెలుపు మీద కనబడాలని.

ఎన్ని నాలుకలు ఇరిగినయో లెక్క లేదు. జర ఎక్కువ వంచితే పుటుక్కుమనుడు, తక్కువ వంచితే మళ్ళ అదే రోగం. సాయన్నది చేపలు పట్టే ఇల్లు. ఊరి బడిల ఏడో తరగతి దాక చదివినన్ని రోజులు కూడ పొద్దుగాల వల అల్లినాంకనే బడికి పోయినోడు. చెరువు ఎండిపోయిన ఏండ్లల్ల వలలు మూలకు పడ్డయిగాని వేండ్లు మరువలేదు. ఒకనాడు సూది పట్టుకొని కండ్లు మూసుకున్నడు. వల ముడి బిగిచ్చేటప్పుడు దారం ఎక్కడిదాక వచ్చి ఎక్కడ ఎదురుతిరుగుతదో, అక్కడ ఆగాలె. రేకు నాలుకను కూడ గట్లనే, ఎదురుతిరిగే కాడిదాక వంచి ఆగిండు. బిగిచ్చిండు. నొక్కిండు. టక్. ఒక్కటే.

"ఇన్నవా?" అన్నడు.

"ఇన్న" అన్నది నీలమ్మ. "మళ్ళ నొక్కు."

ఇద్దరు ఆ పూటంత నొక్కుకుంట కూసున్నరు.

ఆ తరువాత ఆయన చేసినయి ఒకటా రెండా! కుడి బటన్ను మనుషులు ఎక్కువ నొక్కరు గన్క దాని కింది స్విచ్చు కొత్త లెక్కనే ఉంటదని, దాన్ని తీసి ఎడమకు, ఎడమది కుడికి మారిస్తే ఇంకొన్నేండ్లు నడుస్తదని ఎవరు చెప్పకుండనే కనిపెట్టిండు. ఒక కాలేజోళ్ళు పారేద్దామని మూటగట్టిన మౌసులను మూటకు మూట లేపి నిలబెట్టిండు. అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ప్లాట్లమ్మే ఆయన కారేసుకొని వచ్చిండు. హయత్‌నగర్ నుంచి ఒక పిల్ల, కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసే పిల్ల, బస్సెక్కి వచ్చింది. వాళ్ళిచ్చేది చాయ ఖర్చుకు సరి. ఐనా సాయన్న ఎవరి మౌసును కాదనలేదు.

ఒక్క సంగతి మాత్రం ఆయన అప్పుడు ఆలోచించలేదు. సాయన్న బాగుచేసిన మౌసు ఏండ్లదాక మళ్ళ పాడుగాదు. పాడుగానిది మళ్ళ రాదు. దాన్ని తెచ్చిన మనిషి కూడ మళ్ళ రాడు.

నీలమ్మ ఉన్నన్ని రోజులు ఆ సంగతి తెల్వలేదు. వచ్చినోళ్ళకు ఆమె చాయ పోసేది, ముచ్చట పెట్టేది. సాయన్న తన ఘనతలు మొదలుపెట్టంగనే "ఆగు, ఆయన బస్సు పోతది" అని నడుమ తెంపేది. ఆమె గుండెనొప్పితోని పోయినాంక తెంపేటోళ్ళు లేరు. కాలేజీ మూట కథ సగానికి రాకముందే మనుషులు ఫోను చెవికి పెట్టుకొని లేచి పోవుడు మొదలైంది. కొందరు మౌసును గేటుకు తగిలిచ్చి పోయి, బాగైనాంక మళ్ళ గేటు నుంచే తీసుకపోయేటోళ్ళు. పిల్లలు లేరు. మన్నెగూడ దిక్కున్న తమ్ముడు శివయ్య పెండ్లిపత్రికలు పంపుతడు తప్ప రాడు. అరుగు మీద పంచె ఇప్పుడు సాయన్ననే పరుచుకుంటడు, సాయన్ననే మడుస్తడు.

ఇంట్ల గోడకు ఒక అద్దం ఉన్నది. నీలమ్మ రోజు ముఖం కడుక్కునే ముందు బొట్టుబిళ్ళ తీసి ఆ అద్దం అంచుకు అతికిచ్చేది. రేపు పెట్టుకుందామని. రేపటికి ఇంకోటి పెట్టుకునేది. గట్ల అద్దం చుట్టు ఎర్రయి, మెరూన్‌వి, ఒకటి రెండు నల్లయి, తోరణం కట్టినట్టు అయినయి. ఆమె పోయినాంక సాయన్న వాటిని ముట్టలేదు. తల దువ్వుకునేటప్పుడు వాటి నడుమలనే తన ముఖం చూసుకునేటోడు.

కొన్నాళ్ళకు ఒక మౌసు వచ్చింది. దాని రోగం వేరు. లోపటి స్విచ్చు మంచిగనే ఉన్నది. బటన్ వెనుక ప్లాస్టిక్కు, స్విచ్చు బొడిపెను తాకే కాడ, కొట్టుకొని కొట్టుకొని గుంటబడ్డది. బటన్ లోతుకు దిగినాంక గాని పడ్తలేదు. ఆ గుంటల ఏదన్న పల్చటిది అతికియ్యాలె. అట్టముక్క పెడితే నలిగింది. సైకిల్ ట్యూబు ముక్క పెడితే మందమైంది. అద్దం దిక్కు చూసిండు. ఒక మెరూన్ బిళ్ళ తీసి అతికిచ్చిండు. కొలిచి చేసినట్టు కూసున్నది. మెత్తటి మఖమలు, కింద జరంత జిగురు. ఆ మౌసు తీసుకపోయిన ఆయన "ఏం పెట్టినవ్ తాత, వెన్న లెక్క నడుస్తున్నది" అన్నడు. సాయన్న చెప్పలేదు. అన్ని ఘనతలు చెప్పుకునే మనిషి ఆ ఒక్కటి మాత్రం ఎవ్వరికి చెప్పలేదు.

గట్ల గుంటబడ్డ మౌసు వచ్చినప్పుడల్ల అద్దం మీద ఒక బిళ్ళ తగ్గేది.

ఇగ కండ్ల సంగతి. మొదలు దీపాల చుట్టు వలయాలు కనబడ్డయి. తరువాత ఎదుటి గోడ మీది రాత పొగల నుంచి చదివినట్టు అయింది. సాయన్న కండ్లద్దాలు తుడుచుకున్నడు, పొద్దున ఎండలకు జరిగి కూసున్నడు, పంచె మార్చి కొత్తది పరిచిండు. రేకు కనబడ్డది, రేకు నడుమల నాలుక కనబడలేదు. నాలుక కనబడకుంటే సాయన్నకు పనిలేదు. పనిలేకుంటే గేటుకు మౌసు తగిలిచ్చే మనిషి కూడ రాడు. అదొక్కటే ఆయనకు భయం. చీకటైతదని కాదు.

ఊర్ల కంటి పరీక్షలు పెట్టినప్పుడు పోయి చూపిచ్చుకున్నడు. పొర కమ్మింది, తీస్తే మంచిగైతది అన్నరు. నెలకోసారి, మూడో ఆదివారం నాడు, పట్నంల పెద్ద దవాఖాన బస్సు బస్టాండు కాడికి వస్తది. ఎక్కిచ్చుకొని పోయి, ఆపరేషన్ చేసి, మంగళవారం మళ్ళ తెచ్చి దించుతరు. ఎక్కువ రోజులు ఆపితే పొర గట్టిపడి కష్టమైతదని కూడ చెప్పినరు. ఒక్కటే షరతు, వెంట ఒక మనిషి ఉండాలె.

ఫిబ్రవరిల సాయన్న దువ్వెన, దుప్పటి, పండ్లపొడి సంచిల ఏసుకొని పోయి బస్సెక్కబోయిండు. మెట్టు కాడ నర్సమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"తాతా, వెంట ఎవరు?"

"నేనే."

"నువ్వు కాదు తాత. నీ వెంట?"

"నా వెంట నా సంచి."

బస్సుల ఉన్నోళ్ళంత నవ్వినరు. సాయన్న కూడ నవ్విండు. నవ్వుకుంటనే దిగిండు. చాయ హోటల్ కాడ "అరే, పట్నం పోయినవనుకున్న గద" అని అడిగితే "వాళ్ళ బస్సు సీట్లు బాగలేవు" అని చెప్పి, ఆ ముచ్చట మీద నుంచి కాలేజీ మూట ముచ్చటకు జరిగిండు.

మార్చిల ఎవరినన్న అడుగుదామని బయలెల్లిండు. అడుగుటానికి ఎవరున్నరో ఇంటికాడ కూసోని ముందే ఆలోచించిండు. సగం ఊరు ఆయన బాగుచేసిన బటన్లు నొక్కి బతుకుతున్నది. అండ్ల ఒక్కరు రారా? మెయిన్ రోడ్డు మీద ఫొటో స్టూడియో నడిపే క్రాంతికుమార్ మంచి పోరడు, మొదటి నుంచి మర్యాదస్థుడు. వాని దగ్గరికి పోయిండు. క్రాంతికుమార్ కంప్యూటర్ మీద పెండ్లి ఆల్బం తయారు చేస్తున్నడు. పెండ్లికొడుకును పట్టుకొని పూలపందిరి కిందికి జరుపుతున్నడు.

"రా తాత, కూసో. ఏం సంగతి?"

"ఏం లేదు. ఆదివారం ఏం చేస్తున్నవ్?"

"ఆదివారమా? మన్నెగూడల పెండ్లున్నది. ఏమన్న పనా?"

ఇగ అడుగుడే మిగిలింది. సాయన్న నోరు తెరిచిండు.

"పనేం లేదు. నీ మౌసు ఎట్లున్నది?"

"మస్తున్నది తాత. నువ్వు చేసినకాంచి దాన్ని విప్పే పనే పడలేదు."

"పడదు మరి. ఆ నాలుక వంచుడు ఈ జిల్లాల ఇంకెవరితోనన్న అయితదా? కాలేజోళ్ళు ఒకసారి మూటగట్టి..."

క్రాంతికుమార్ తల ఊపుకుంట, మర్యాద తప్పకుండ, పెండ్లికొడుకును ఇంక జర పక్కకు జరిపిండు. సాయన్న మొత్తం చెప్పిండు, ప్లాట్లాయన కారు రంగుతోని సహా. చెప్పుడు అయిపోయినాంక లేచి ఇంటికి వచ్చిండు. అడగాల్సింది అడగలేదు. మార్చి బస్సు పోయింది.

ఏప్రిల్ మొదట్ల యశోద వచ్చింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందట దస్తావేజుల గదిల టైపు చేసేది ఈమెనే. సాయన్న మొదటి గెలుపు ఈమె మౌసు మీదనే. అన్నేండ్లు నడిచి నడిచి ఆ రాగి నాలుక మళ్ళ సాగింది, ఒక్కటి రెండై పడ్తున్నది. యశోద గేటుకు తగిలిచ్చి పోయే రకం కాదు, లోపటికి వచ్చే మనిషి. కాని ఆమె నోరు పెద్దది, పని తొందర.

"బాపు, రేపటికి కావాలె. మా సారు కొత్తది తెచ్చిండు, అది నా చేతిల చచ్చిన కప్ప లెక్కున్నది. నాకు ఇదే కావాలె."

"తెల్లారి వచ్చి తీస్కపో" అన్నడు సాయన్న.

ఆమె పోయినాంక ఎండల కూసోని విప్పిండు. మూత లేపిండు. రేకును వేలితోని తడిమిండు. ఉన్నదని తెలుస్తున్నది, నాలుక ఎక్కడ మొదలైతున్నదో తెలుస్తలేదు. సూది పెట్టబోతే జారింది. మళ్ళ పెట్టబోతే మళ్ళ జారింది. ఇంకోసారి జారితే రేకు ఇరుగుతది. యశోద మౌసు! మొదటి మౌసు! మెల్లగ మూత పెట్టేసిండు. లేచి ఇంట్లకు పోయి, అద్దం అంచును వేలితోని వెతికి, ఒక బిళ్ళ తీసి బటన్ వెనుక అతికిచ్చి బిగిచ్చిండు. నొక్కితే బటన్ గట్టిగైంది. ఒక్కోసారి ఒక్కటే పడ్డది, ఒక్కోసారి రెండు. ఒక్కటి పడ్డప్పుడే ఆపిండు. నాలుక రోగానికి గుంట మందు పెట్టినట్టు ఆయనకు తెలుసు.

తెల్లారి యశోద వచ్చి తీస్కపోయింది. సాయన్న ఆనాడు ఒక్క ఘనత కూడ చెప్పలేదు. ఆమె అది గమనించలేదు, గమనించే టైం లేదు.

ఎండలు ముదిరినయి. దస్తావేజుల గది మీద రేకులే. ఏండ్ల కింద ఒకసారి నుదుటికి అతికి, అద్దానికి అతికి ఎండిన జిగురు ఆ వేడికి మళ్ళ కరిగి జారింది. ఒకనాడు పగటీలి యశోద గేటు ధనామని తోసుకొని వచ్చింది. చేతిల మౌసు, మౌసు మూత ఊడి ఉన్నది.

"బాపూ! ఏంది గిది? నొక్కితే లోపటికి పోయిన బటన్ బయటికి వస్తలేదు! అటు అమ్మినోళ్ళు, ఇటు కొన్నోళ్ళు మీదికెల్లి చూస్తున్నరు, నేను గోరుతోని బటన్ పీకుకుంట కూసున్న! ఆఖరుకు చాకుతోని విప్పితే ఏమున్నది? బొట్టుబిళ్ళ! మౌసుకు పెండ్లి చేసినవా ఏంది?"

"జిగురు పాతది" అన్నడు సాయన్న.

"జిగురు సంగతి కాదు. నాలుక వంచుతనన్నవ్ గద?"

"ఇటు తే. వంచుత."

పంచె పరిచిండు. స్విచ్చు మూత లేపిండు. ఎర్ర బొడిపె ఎగిరి ఆయన మోకాలు ముందటనే, పంచె మీద పడ్డది. తెలుపు మీద ఎరుపు, యశోదకు మంచిగ కనబడ్తున్నది. సాయన్న వేండ్లు దాన్ని వెతుక్కుంట ఇటు పోయినయి, అటు పోయినయి, దాని పక్కకెల్లే పోయినయి.

యశోద ఆ వేండ్లనే చూసింది.

"బాపు, అది నీ ముందటనే ఉన్నది."

"తెలుసు. ఈ బొడిపె సంగతి నాకు చెప్తున్నవా? హయత్‌నగర్ పిల్ల వచ్చినప్పుడు..."

"చీరల పిల్ల. నాకు ఎరుకే. కాలేజీ మూట ఎరుకే, ప్లాట్లాయన కారు ఎరుకే. తెల్లకారు. కండ్లు కనబడ్తలేవా?"

సాయన్న సూదిని పంచె అంచుకు గుచ్చిండు.

"పొగ లెక్కున్నది" అన్నడు.

యశోద చేతికి అంటిన జిగురు కడుక్కుందామని లోపటికి పోయింది. పోయిన మనిషి తొందరగ రాలేదు. గోడకు అద్దం ఉన్నది. అద్దం చుట్టు గుండ్రగుండ్రటి జిగురు మరకలు, బిళ్ళలు ఊడదీసిన మరకలు. కింది అంచుకు రెండు మూడు బిళ్ళలు మాత్రం మిగిలినయి. నీలమ్మ చేతి చాయ తాగిన మనిషి యశోద, ఆ ముఖం మీద ఆ మెరూన్ బొట్టు చూసిన మనిషి. బయటికి వచ్చి అరుగు మీద, ఆయన పక్కన కాదు, ఎదురుంగ కూసున్నది.

"ఆ బిళ్ళలు అమ్మవేనా?"

"ఆమె పెట్టి పోయింది. ఉట్టిగ ఉండుడెందుకని."

"ఎన్ని మౌసుల పెట్టినవ్?"

"మంచి మౌసులకే పెట్టిన" అన్నడు సాయన్న.

ఆమె ఇంక ఆ ముచ్చట పెంచలేదు. "దవాఖానల చూపిచ్చుకున్నవా?" అని అడిగింది.

"చూపిచ్చిన. మూడో ఆదివారం బస్సు వస్తది. వెంట మనిషి కావాలంటరు."

"అయితె?"

"అయితె ఏమున్నది. ఎవరి పనులు వాళ్ళకుంటయి."

"ఎవరినన్న అడిగినవా?"

"క్రాంతి దగ్గరికి పోయిన."

"పోయి అడిగినవా?"

సాయన్న కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు.

"నన్ను అడిగినవా?"

"నీకు ఊపిరి తీసుకునే టైం ఉండదు బిడ్డా, నాకు తెల్వదా?"

"నాకు టైం ఉన్నదా లేదా నేను చెప్త. నువ్వు అడిగినవా లేదా?"

"లేదు."

"మరి అడుగు."

ఊర్లందరికి సవాలు విసిరిన మనిషి సాయన్న. ఆ సవాల్లకు మాటలు ఎన్నడు తక్కువ పడలేదు. ఇప్పుడు ఒక్క మాట రావాలె. పంచె మడత సరిచేసిండు. బిస్కెట్ల డబ్బా మూత పెట్టిండు, తీసిండు. రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టుకుంట పోయింది. యశోద లేస్తలేదు. ఫోను మోగితే కట్ చేసి ఒళ్ళె పెట్టుకున్నది.

"వస్తవా?" అన్నడు, పంచె దిక్కు చూసుకుంట.

"వస్త. ఆదివారం వస్త, రాసిచ్చి, నిన్ను మంచం మీద పండవెట్టి, పొద్దుగూకే యాల్లకు మళ్ళ ఊరికొస్త. సోమవారం నీ కాడ ఉండ. సోమవారం రిజిస్ట్రేషన్లు మస్తుంటయి, సారు ఊకోడు. ఆపరేషన్ నాడు నువ్వు ఒక్కనివే ఉండాలె. ఉంటవా?"

"ఉంట. ఉండుడు నాకు కొత్త కాదు."

"గట్లనకు" అన్నది యశోద. పంచె మీది బొడిపెను ఏరి స్విచ్చు మూతల కూసోపెట్టి, మౌసు బిగిచ్చుకొని లేచి, "దీన్ని గిట్లనే తీస్కపోత. ఒక్కటికి రెండు పడితే పడనీ. నువ్వు వచ్చినాంక చేద్దువుగాని" అని గేటు దాటింది.

బస్సు పోయే ముందు, శుక్రవారం నాడు, దవాఖానోళ్ళు బస్టాండు కాడ బల్ల ఏసిన చోటికి పేర్లు రాసిచ్చుటానికి ఇద్దరు పోయినరు. బల్ల ముందట కూసున్న పోరడు సాయన్న పేరు రాసుకొని యశోద దిక్కు చూసిండు.

"మీరు ఏమైతరు?"

"ఏంగాను" అన్నది యశోద.

"ఏంగాకుంటె ఎట్ల అమ్మా? బిడ్డనా, కోడలా?"

"నా మౌసు బాగుచేస్తడు."

"అట్ల రాసుకోరాదు."

"అయితె మా ఊరాయనని రాసుకో. ఒకే ఊరోళ్ళమైతె సాలదా? ఈయన లేకుంటె మా గదిల పని ఆగుతదని కూడ రాసుకో."

పోరడు తల గోక్కొని ఏదో రాసుకున్నడు. ఏం రాసుకున్నడో సాయన్నకు కనబడలేదు. "కాలేజోళ్ళు మూటగట్టిన..." అని ఆయన మొదలుపెట్టబోతే యశోద భుజం మీద చెయ్యేసి బయటికి నడిపిచ్చింది. నడుమ తెంపినందుకు ఆయనకు కోపం రాలేదు. ఎన్నడో మరిచిపోయిన అలవాటు ఒకటి మళ్ళ తాకినట్టు, జరసేపు నిలబడి, నడిచిండు.

ఆదివారం పొద్దుగాల యశోద సంచి పట్టుకొని వచ్చేసరికి సాయన్న తలుపు మూసి అరుగు మీద నిలబడి ఉన్నడు. గేటుకు ఒక మౌసు అప్పుడే తగిలి ఉన్నది. ఎవరో పొద్దున్నే తగిలిచ్చి పోయినరు.

"ఇట్ల ఇంకెవరన్న తగిలిచ్చి, రేపు వచ్చి వట్టిగ తిరిగి పోతరు" అన్నడు సాయన్న. "ఒక అట్ట మీద రాసి పెట్టు బిడ్డా. నా పేరు పెద్దగ రాయి. కొత్త స్విచ్చు లేకుండ బటన్ బాగుచేసిన మొదటి మనిషని రాయి. కుడిది ఎడమకు మార్చుడు కనిపెట్టింది కూడ..."

"అట్ట చిన్నగున్నది బాపు."

"కాలేజీ మూట సంగతన్న రాయి."

"అందరికి ఎరుకే. ఎప్పుడొస్తవో అదే తెల్వది, అది రాస్త."

ఒక పాత అట్టముక్కను మోకాలు మీద పెట్టుకొని, లావు పెన్నుతోని, టైపు చేసే చెయ్యి గన్క వంకరటింకరగనే, రాసింది. రాసినాంక సాయన్న ముఖానికి దగ్గర పెట్టింది. ఆయన కండ్లు చిట్లిచ్చి చూసిండు. అక్షరాలు పొగల కదిలినయి, ఒక్కటి రెండై కనబడ్డయి.

"చదువు" అన్నడు.

"సాయన్న కండ్ల ఆపరేషన్‌కు పోయిండు. మౌసులు గేటుకు తగిలియ్యకుండ్రి, వచ్చినాంక చేతికియ్యుండ్రి" అని చదివింది యశోద.

"చేతికియ్యుండ్రా?"

"అవ్. చేతికే."

సాయన్న గేటు దిక్కు చూసిండు. "ఎప్పుడొస్తడని రాసినవ్?"

యశోద అట్టను తీగతోని గేటుకు కట్టింది, గాలికి ఊగకుండ రెండు దిక్కుల కట్టింది. ఆ తరువాత ఆయన సంచి కూడ తన చేతికే తీసుకొని, కింది వరుస చదివింది: ఏప్రిల్ ఇరవై ఒకటి, మంగళవారం.